ఊదు కాలదు, పీరి లేవదు

కొత్త మిషను అమర్చడానికి వచ్చిన కంపెనీ మనిషి కంప్యూటర్ తెర నా వైపు తిప్పి, "చూడండి సార్, పేషెంట్ ఊదుతుంటే ఈ కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆరిపోతాయి. అన్నీ ఆరిపోతే టెస్టు సరిగ్గా వచ్చినట్టే," అన్నాడు. తెర మీద ఒక కేకు, దాని మీద వరసగా కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. నాకు ఒళ్లు మండింది.

"ఇవి తీసెయ్యొచ్చా?" అన్నాను.

"ఎందుకు సార్? పిల్లలకు భలే నచ్చుతాయి."

మా దగ్గరికి పిల్లలెవరు వస్తారు? వచ్చేదంతా యాభై దాటినవాళ్లు. సగం మంది బీడీ తాగి పాడైనవాళ్లు, మిగతా సగం పొయ్యి ముందు కూర్చుని పాడైనవాళ్లు. "మా దగ్గర దీపాన్ని నోటితో ఊదరండీ," అన్నాను. ఆయన నవ్వాడు. ఆ బొమ్మలు మిషనుతో పాటే వస్తాయట, తియ్యడం కుదరదట. ఆయనకు ఎక్కడని చెప్పేది? చెప్పాలంటే అవ్వ సంగతి చెప్పాలి. అవ్వ సంగతి చెప్పాలంటే నా నోటిదురుసు సంగతి కూడా చెప్పాలి.

నిజామాబాదులో ఒక ఛాతీ డాక్టరు గారి దగ్గర నేను చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. మనిషి ఊపిరితిత్తుల్లో ఎంత గాలి పడుతుంది, అందులో ఒక్క సెకనులో ఎంత బయటికి తొయ్యగలడు అని కొలవడం నా పని. పొగ తాగీ, పొగలో బతికీ లోపలి గొట్టాలు బిగుసుకుపోయిన మనిషికి గాలి లోపలికి పోతుంది కానీ బయటికి రాదు. సన్నమూతి సీసాను వంచినట్టు కొద్దికొద్దిగా వస్తుంది. అది తెలియాలంటే నిండా పీల్చి, గొట్టం చుట్టూ పెదాలు బిగించి, ఒక్కసారే బలంగా మొదలుపెట్టి, ఆరు సెకన్లు ఆపకుండా ఊదాలి. అలా మూడుసార్లు ఊదాలి, మూడూ ఒకేలా రావాలి. చెప్పడానికి నాలుగు ముక్కలే. ఈ నాలుగు ముక్కలతో నా గొంతు ఎన్నిసార్లు పోయిందో నాకే తెలియదు.

అవ్వ మొదటిసారి వచ్చినప్పుడు మా దగ్గర పాత మిషను ఉండేది. ఊదితే లోపల తిత్తి లేచేది, కలం కదిలి గీతల కాగితం మీద ఒక వంపు గీసేది. తొంభైల మధ్య సంవత్సరాలు. బోధన్ రోడ్డు మీద చెరుకు బండ్లు నడిచే కాలం. ఆమె చక్కెర ఫ్యాక్టరీ పక్క ఊరి నుంచి బస్సు దిగి నడిచి వచ్చేది. బస్‌స్టాండు నుంచి మా సందు పది నిమిషాల నడక, అవ్వకు ముప్పావు గంట పట్టేది. దమ్ము వస్తోందని మాత్రం చచ్చినా ఒప్పుకునేది కాదు. పది అడుగులకోసారి చెప్పు ఊడిందని వంగేది. లేదంటే కనిపించిన బండి దగ్గర ఆగి ధర అడిగేది. మా సందు మొదట్లో ఉల్లిగడ్డలు అమ్మే మరాఠీ ఆయన ఒకసారి నా మీదే విరుచుకుపడ్డాడు. "మీ ముసల్ది ఆర్నెల్లసంది కాందా భావ్ అడుగుతున్నది. ఒక్క గడ్డ కొనలే. నాకు బోణీ ఎట్ల గావాలె?" అన్నాడు. ఆమె అడిగేది ధర కాదనీ, ఊపిరనీ అతనికి చెప్పాను. అతనికి అర్థమైనట్టు లేదు, నాకు చెప్పే ఓపికా లేదు.

పొట్టి మనిషి. బెంచీ చివర కూర్చునేది, అదీ అంచు మీద. పక్కన ఎవరైనా కూర్చోబోతే తనే లేచి ఇంకా చివరికి జరిగేది. కొంగు ఎప్పుడూ నోటికి అడ్డం. చేతులు ఖాళీగా ఉంటే బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే కదులుతుండేవి. లేని తునికాకును చుట్టి, లేని దారం ముడివేసి, గోటితో లేని మూతి మడిచేవి. సంచీలో ఒక పాత గుడ్డలో చుట్టి ఒక స్టీలు గ్లాసు ఉండేది. మా వరండాలో కుండ ఉంది, దాని మీద గ్లాసు ఉంది. అయినా అవ్వ తన గ్లాసులోనే పోసుకుని తాగి, మళ్లీ గుడ్డలో చుట్టేది. అది మడి అనుకున్నాను. తరువాత తెలిసింది, సంగతి వేరే.

టెస్టుకు ముందు అందరినీ అడిగే ప్రశ్న అవ్వనూ అడిగాను. "బీడీ తాగుతావా అవ్వా?"

అంతే, అందుకుంది. "దినాం వెయ్యి బీడీలు జేస్తి సారూ. ఒక్కటంటే ఒక్కటి నోట్ల వెట్టలె. వంట జేసేటోడు వంటను ఎంగిలి జేస్తడా?"

"మరి ఇంత పొగ ఎక్కడిది?"

"పొయ్యి లేదా? పొయ్యికి పొగ లేదా? పత్తి కట్టె, చెరుకాకు, పిడుకలు, ఏది దొర్కితే గది. ఇంట్ల పొయ్యి సాలదన్నట్టు మీ ఆంధ్రోళ్ల క్యాంపుల బెల్లం పొయ్యికి ఇరువై కాలాలు మంట వెడ్తి. పిప్పి ఎండుతదా ఏమన్ననా, పచ్చి పొగ, కండ్లు గూడ తెరువనియ్యది."

నా మాట తీరు చూసి ఆంధ్రోణ్ననుకుంది, నిజమే. మా తాత గోదావరి జిల్లా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద పొలం కొన్నాడు. అలా వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లనే ఇక్కడ క్యాంపులంటారు. ఏ క్యాంపు అని అడిగితే పేరు చెప్పింది. మా క్యాంపుకు రెండో క్యాంపు. గానుగ ఆడే రోజుల్లో మేమంతా అక్కడికి పరుగెత్తేవాళ్లం. అవ్వే అంది, "గరం బెల్లం కోసం ఆకులు వట్టుకొని నిలవడుతుండె పోరగాండ్లు. అండ్ల నువ్వున్నవో ఏమో."

"ఉండే ఉంటాను," అన్నాను. పొయ్యి కింద ఎవరున్నారో చూసిన గుర్తు లేదు, బెల్లం రుచి మాత్రం గుర్తుంది.

ఇక ఊదడం మొదలైంది. ముక్కుకు క్లిప్పు పెడితే "బట్టలారేసేదా సారూ గిది?" అంది. సరే. గొట్టం నోట్లో పెట్టుకో, నిండా పీల్చు, ఊదు అన్నాను. ఆమె తల ఒక పక్కకు వంచి, కళ్లు మూసుకుని, పెదాలు సున్నా చుట్టి, "ఫు" అని చిన్నగా ఊది, టక్కున ముఖం పక్కకు తిప్పేసుకుంది. మళ్లీ గొట్టం దగ్గరికి వచ్చి "ఫు". మళ్లీ ముఖం పక్కకు. కాగితం మీద కలం చీమ నడిచినట్టు కదిలి ఆగిపోయింది. ఆమె చేస్తున్నది ఏమిటో అర్థం కావడానికి నాకు నాలుగు ప్రయత్నాలు పట్టింది. ఊదు అంటే ఆమెకు తెలిసిన ఊదడం ఒకటే. ఊదుగొట్టంతో పొయ్యి ఊదడం. గట్టిగా ఊదితే బూడిద లేచి కూరలో పడుతుంది. అందుకని మెల్లగా, కొద్దికొద్దిగా, పొగ కళ్లలో పడకుండా ముఖం తిప్పుకుంటూ ఊదాలి. నలభై ఏళ్లు అలాగే ఊదిన మనిషి.

"పొయ్యి కాదవ్వా! కొవ్వొత్తి ఆర్పినట్టు ఒక్కసారే ఊదు," అన్నాను. హైదరాబాదులో మాకు ట్రైనింగు ఇచ్చినప్పుడు అలా చెప్పమన్నారు. గోడకు కొవ్వొత్తి బొమ్మ కూడా అంటించి ఉంది, అది చూపించాను.

అవ్వ గొట్టం కింద పెట్టేసింది. "దీపం నోటితోని ఊదుతరా సారూ? పువ్వుతోని కొండెక్కిస్తరు గని. ఇంట్ల లచ్చిమి ఉంటదా గట్ల జేస్తే? మీ అవ్వ నీకు జెప్పలేదా?"

"బొమ్మ అవ్వా అది! బొమ్మ!"

"బొమ్మనన్న గంతే. పొద్దుగాల పొద్దుగాల దీపం ఊదుమంటడు."

చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఆ ఎముక ఎందుకు కొరుకుతున్నావు అన్నాడట. ఇక్కడ శంఖం ఊదాల్సింది ఆమె, చెవిటివాణ్ని చేసింది నన్ను. ఊదు, ఊదు, ఊదు అని నేను అరుస్తుంటే బయట కూర్చున్నవాళ్లు నవ్వుతున్నారు. అవ్వ కూడా నవ్వింది. "ఊదు కాలది, పీరి లేవది సారూ," అంది. పీర్ల పండగకు ఊదు పొగ వేస్తే కానీ పీరి లేవదు కదా, ఆ సామెత. నాకు నవ్వు రాలేదు. ఆ పూట పదకొండు కాగితాలు పాడయ్యాయి.

అలా మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ అంతే. మందులు రాసిచ్చాం, అవి తీసుకుని వెళ్లిపోవచ్చు కదా. కాదు, గీతల కాగితం కావాలంటుంది. చివరికి విసుగొచ్చి, "నీకెందుకవ్వా ఈ కాగితం? మందు వేసుకుంటున్నావు కదా, చాలదా?" అని అడిగాను.

అప్పుడు చెప్పింది. ఇంట్లో అందరూ ఆమెది టీబీ అనుకుంటున్నారు. మా వైపు దగ్గు అంటే టీబీనే, ఇంకో జబ్బు ఉంటుందని ఎవరికీ తెలియదు. సర్కారు దవాఖానాలో మూడుసార్లు తెమడ పరీక్ష చేశారు. మూడుసార్లూ లేదనే వచ్చింది. ఆ చీటీని ఎవరూ నమ్మలేదు. గ్లాసు వేరు, పళ్లెం వేరు, పడక వసారాలో. కొడుక్కి ఆడపిల్ల పుట్టి అయిదు నెలలు. "ఇంతవరకు పొల్లను ఎత్తుకోలె సారూ. దూరంకెల్లే సూస్తున్న. కోడల్ది తప్పు లేదు, బిడ్డ తల్లి గదా, భయపడ్తది. మా పక్కింటాయనకు గుండెనొప్పొస్తే గీతల కాయితం తీసిండ్రు. గది సూపియ్యంగనే అందరు నమ్మిండ్రు. మిషిని అబద్ధమాడదంటరు. గసుంటిదొకటి నాకియ్యి."

ఆమె అడుగుతున్న కాగితం టీబీ లేదని చెప్పదు. ఊపిరి ఎందుకు ఆడటం లేదో చెబుతుంది, అంతే. ఆ మాటే చెప్పాను. "గదే జెప్పనియ్యి," అంది. డాక్టరు గారు విని, "సరిగ్గా ఊదించు, ఆ కాగితం మీదే తెలుగులో రాసి సంతకం పెడతాను," అన్నారు. దాంతో బరువంతా నా మీద పడింది.

నాలుగోసారి. ఎండాకాలం, కరెంటు వచ్చీ పోతూ ఉంది, బయట ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. అవ్వ మొదటి ఊదు "ఫు". రెండోది "ఫు". మూడోదానికి ముఖం పక్కకు తిప్పినప్పుడు గొట్టం నా చేతిలోంచి జారి కింద పడింది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. నోటికి వచ్చింది అనేశాను. "నీకు టీబీయే అవ్వా! అదే రాసిస్తాను, తీసుకుపోయి మీ కోడలికి చూపించు. పిల్లను ఇంకో పదేళ్లు దూరం నుంచే చూడు!"

అవ్వ నా వైపు చూసింది. కింద పడ్డ గొట్టాన్ని తనే తీసుకుని, కొంగుతో తుడిచి, ఛాతీ పైకి లేచేలా పీల్చి, నోట్లో పెట్టుకుని ఊదింది. కళ్లు మూసుకోలేదు. ముఖం తిప్పుకోలేదు. నా కళ్లలోకే చూస్తూ, ఆరు సెకన్లు దాటి ఎనిమిదో సెకను దాకా, ఉన్నదంతా ఊదింది. కలం సాగిపోయింది. మళ్లీ ఊదమని నేను అనలేదు, తనే ఊదింది. మూడోసారీ ఊదింది. మూడు వంపులూ ఒకదాని మీద ఒకటి గీసినట్టు వచ్చాయి.

అంత మంచి గీత ఆ నెలలో ఎవరికీ రాలేదు. అంత చెడ్డ అంకె కూడా రాలేదు. ఆ వయసు మనిషి ఒక్క సెకనులో ఊదాల్సినదాంట్లో మూడో వంతు కూడా లేదు. ఇంత తక్కువ గాలితో ఈమె బస్‌స్టాండు నుంచి ఎలా నడిచి వస్తోందని నేను ఆ కాగితం పట్టుకుని అలాగే నిలబడ్డాను. క్షమించమని అడగాలనిపించింది, అడగలేదు. అవ్వ రొప్పుతూనే కాగితం లాక్కుని, తలకిందులుగా పట్టుకుని, "గీత మంచిగొచ్చిందా?" అంది. మంచిగొచ్చింది అన్నాను. డాక్టరు గారు దాని మీద పెద్ద అక్షరాలతో రాశారు: ఇది క్షయ కాదు. పొగ వల్ల వచ్చిన ఊపిరి జబ్బు. ఎవరికీ అంటుకోదు.

ఇక్కడితో కథ సుఖాంతమని నేను అనుకున్నాను. అవ్వతో ఏదీ అంత తేలిగ్గా తెమలదు. అదే రోజు ఆమెకు కొత్త మందు ఇచ్చాం. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో గోలీ పెట్టి తిప్పితే పొడి వస్తుంది, దాన్ని లోపలికి పీల్చాలి. ఇన్నాళ్లూ ఊదు ఊదు అని చంపినవాణ్ని, ఇప్పుడు పీల్చు అన్నాను. అవ్వ గొట్టం నోట్లో పెట్టుకుని, అప్పుడే నేర్చుకున్న విద్య మరిచిపోకుండా, బ్రహ్మాండంగా ఊదింది. పొడి మొత్తం నా ముఖం మీద, కళ్లద్దాల మీద పడింది. "గిప్పుడు మంచిగూదిన్నా?" అని అడిగింది. నేను కళ్లద్దాలు తుడుచుకుంటూ బయటికి వెళ్లి రెండు నిమిషాలు నిలబడి వచ్చాను.

పదిహేను రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి వెనకాల కోడలు ఉంది, చంకలో పాప. కోడలు వరండా ఈ చివర కూర్చుంది, అవ్వ ఆ చివర. కాగితం కోడలి చేతిలో ఉంది.

"కాయితం మీద ఎవలన్న ఏమన్న రాస్తరు సారూ. ముసలామె బతిమిలాడితే రాసిచ్చిండ్రేమో," అంది కోడలు. కోపంగా అనలేదు. భయంగా అంది.

తరువాత మాట్లాడదాం, ముందు నడక టెస్టు ఉంది అన్నాను. మందు పని చేస్తోందో లేదో తెలియాలంటే మనిషి ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తాడో చూడాలి. మా వరండా చివరల్లో సుద్దతో గీతలు గీసి ఉంటాయి. గీత నుంచి గీతకు నడవడమే. ఆగాలంటే ఆగవచ్చు, గడియారం మాత్రం ఆగదు. నడిపించేవాడు ఊరికే కబుర్లు చెప్పకూడదు. అవ్వకు ఇక్కడ ఉల్లిగడ్డల బండి లేదు. అందుకని రెండో చక్కర్‌లో గోడ దగ్గర ఆగి, "సారూ, గీ ఎర్ర బకీట్ల ఇసుక ఎందుకు వోసిండ్రు?" అంది. నేను పలకలేదు. మూడో చక్కర్‌లో చెప్పు ఊడింది. నాలుగో చక్కర్‌లో క్యాలెండరులో పున్నమి ఎప్పుడని అడిగింది. ఆరో చక్కర్ దగ్గర అడగడానికి మాట కూడా రాక, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తల వంచి, పెదాలు సున్నా చుట్టి ఫు, ఫు అని ఊదడం మొదలుపెట్టింది.

"మళ్లీ పొయ్యి మొదలెట్టావా అవ్వా!" అన్నాను, కబుర్లు చెప్పకూడదన్న సంగతి మరిచిపోయి.

వెనక నుంచి డాక్టరు గారు నా భుజం పట్టుకున్నారు. "ఆపకు. పెదాలు చిన్నవి చేసి మెల్లగా వదిలితే లోపల ఇరుక్కున్న గాలి బయటికి వస్తుంది. ఇలాంటి రోగులకు మనం నేర్పాల్సింది అదే. ఆవిడకు పొయ్యి నేర్పింది," అన్నారు. నాలుగు నెలలుగా నేను ఏ ఊదు మానిపించాలని గొంతు చించుకున్నానో, ఆ ఊదుతోనే ఆమె బస్‌స్టాండు నుంచి నడిచి వస్తోంది. నాకు నా మీదే విసుగు వేసింది.

అవ్వ కూలబడ్డట్టు కూర్చుంది. సంచీలోంచి గ్లాసు తీసి, కుండలో నీళ్లు పోసుకుని, సగం తాగింది. అప్పుడు నేను కోడలి దగ్గరికి వెళ్లి మొదలుపెట్టాను. ఇది అంటుకునే జబ్బు కాదు, తెమడలో పురుగు లేదు, ఆ మాటకొస్తే టీబీ అయినా గ్లాసుతో రాదు, మీరు ఇలా మనిషిని వెలివేసినట్టు కూర్చోబెట్టడం పాపం అని, చదువుకున్నవాడి గొంతుతో చాలాసేపు చెప్పాను. కోడలు అంతా విన్నది.

"గంత నమ్మకముంటే గా గిలాసల నీళ్లు నువ్వు తాగుతవా సారూ?" అంది.

నాకు అన్నీ తెలుసు. ఆ గ్లాసుతో నాకేమీ రాదని పుస్తకం చదివినవాణ్ని, పరీక్ష రాసినవాణ్ని. అయినా చెయ్యి ముందుకు రాలేదు. పావు నిమిషం అయి ఉంటుంది. ఆ పావు నిమిషం అవ్వ చూసింది. చూసి, "సారును గట్లడుగుతరానే? పెద్దమనిషి, ఎంగిలి తాగుతడా?" అని, నా పరువు కాపాడటానికి, గ్లాసులోని నీళ్లు పారబోయబోయింది.

ఎవరి మీద వచ్చిందో తెలియదు, పిచ్చి కోపం వచ్చింది. వెళ్లి ఆమె చేతిలోంచి గ్లాసు లాక్కుని గటగటా తాగేశాను. సగం చొక్కా మీద పడింది. నీళ్లు తంబాకు వాసన వేశాయి. "తాగాను. చాలా?" అని కోడలి మీద అరిచాను.

కోడలు నన్నూ గ్లాసునూ చూసింది. లేచి వచ్చి అవ్వ బెంచీ మీద, మధ్యలో జానెడు సందు వదిలి కూర్చుంది. తరువాత పాపను అవ్వ ఒడి వైపు చాపింది. అవ్వ అందుకోలేదు. చేతులు వెనక్కి తీసుకుంది. "ఆగు. తంబాకు చేతులు, కడుక్కొనొస్త," అని నల్లా దగ్గరికి వెళ్లి, సబ్బు అడిగి, రెండుసార్లు కడుక్కుంది. ఆ పది అడుగులకు చెప్పు ఊడలేదు.

ఆ తరువాత అవ్వ వచ్చినప్పుడల్లా పాప చంకలో ఉండేది. నా టెస్టుల కర్మ కాలింది. ఆరు నిమిషాల నడకకు పాపను దించమంటే దించదు. "చక్కర్లు తగ్గుతాయి అవ్వా, మందు పని చెయ్యట్లేదని లెక్క వస్తుంది, పాపను వాళ్లమ్మకియ్యి," అని మొత్తుకునేవాణ్ని.

"తగ్గితే తగ్గనీ. తగ్గిందని రాయకు, ఎత్తుకొని నడిచిందని రాయి," అనేది.

అలాగే రాశాను. కాగితం మీద అలాంటిది రాయడానికి గడి లేదు. అంచు మీద రాశాను. పాప ఆరు కిలోల నుంచి పది కిలోలు అయింది, చక్కర్లు తొమ్మిది నుంచి అయిదుకు వచ్చాయి. ఎంతవరకు జబ్బు, ఎంతవరకు పాప అని డాక్టరు గారు నన్ను కోప్పడేవారు. పాప నడవడం నేర్చాక అవ్వ చెయ్యి పట్టుకుని నడిచేది. అవ్వ ఆగితే తనూ ఆగేది. ఇద్దరూ కలిసి ఎర్ర బకెట్టులోని ఇసుక చూసేవాళ్లు. తరువాత రావడం తగ్గింది, తరువాత రాలేదు. రోజూ వంద మందిని చూసేవాణ్ని, ఏమయిందని నేనూ వాకబు చెయ్యలేదు.

కంపెనీ మనిషి వెళ్లిన మరునాడు కొత్త మిషను మీద ఊదడానికి మొదటి పేరు పిలిచాను. వచ్చింది అవ్వ కోడలు. జుట్టు నెరిసింది. నేను పోల్చుకోలేదు, తనే చెప్పింది. "అత్త పోయి రెండేండ్లయింది సారూ. ఆఖరుకు మంచంకెల్లి నల్లా దాంక గూడ పోలేకపోయేది. పొల్ల ఇస్కూలుకెల్లి రాంగనే ఒళ్ల కూసోవెట్టుకునేది. నీ కాయితం పెట్టెల ఉన్నది, పటం గట్టిచ్చుకున్నది."

"నీకేమయింది?" అన్నాను.

"దగ్గు. నాలుగు నెల్లాయె. తెమడ పరీచ్చల ఏం లేదన్నరు."

"గ్యాసు పొయ్యి ఉందా?"

"ఉన్నది. సుట్టాలొచ్చినప్పుడు ముట్టిస్తం."

తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడే ఆమె సంచీలోంచి గుడ్డలో చుట్టిన స్టీలు గ్లాసు తీసి, కాళ్ల పక్కన కింద పెట్టుకుంది. నేను దాని వంకే చూస్తుంటే తల దించుకుంది. "ఎవలేమనలే సారూ. నేనే వేరు వెట్టుకున్న. పొల్ల ఉన్నది గదా."

తెర మీద కొవ్వొత్తులు వెలిగాయి. ఆమె భయంగా, "దీపాలు ఊదాల్నా?" అంది. తెరను గోడ వైపు తిప్పేశాను. గొట్టం ఇచ్చాను. ఆమె తల ఒక పక్కకు వంచి, కళ్లు మూసుకుని, "ఫు" అని ఊది ముఖం తిప్పుకుంది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే.

"వస్తలేదు," అని గొట్టం కింద పెట్టింది. "అత్త జెప్పింది సారూ. నువ్వు కోపం దెప్పిచ్చే మాటొకటి అంటవంట. గదంటేనే లోపటి దమ్మంత ఎల్లుతదంట. 'రేపు నీకు గూడ ఊదుడు వడ్డప్పుడు రాకపోతే సారుతోని గా మాట అనిపిచ్చుకో, గది గూడ సారు ఇలాజే' అన్నది. అను సారూ, నేనేమనుకోను."

అవ్వ ఆ మాటను ఇన్నేళ్లూ నా వైద్యమనే చెప్పుకుందా? తిట్టడం తప్ప ఇంకేదీ రాని నోటికి ఆ రోజు అదీ రాలేదు. కింద ఉన్న గ్లాసు తీసుకుని, కుండ దగ్గరికి వెళ్లి, నీళ్లు ముంచి ఆమెకిచ్చాను.

"సగం తాగు," అన్నాను.

తాగింది. మిగతా సగం నేను తాగి, గ్లాసును మా కుండ మీద బోర్లించాను.

"ఇప్పుడు ఊదమ్మా."